పెట్టీ కేసే కదా అని ఒప్పేసుకోకండి

అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు తరచూ అడుగుతుంటారు: "కోడ్ రివ్యూలో మా లీడ్ నాలుగు చోట్ల 'నిట్' అని రాశాడండీ, నా మీద కోపమా?"

కోపమూ లేదు, ఏమీ లేదు. నిట్ అంటే మన ఈరు, కోడ్ సరిచూసేటప్పుడు చిన్న లోపానికి పెట్టే పేరు. కుదిరితే దిద్దు, లేకపోయినా కోడ్ ఆగదు అని చెప్పడం అన్నమాట. మైనర్, ట్వీక్, క్విక్ క్వశ్చన్ లాంటివీ అంతే. ఆఫీసులో ఈ మాటలకు నిజంగానే బరువు తక్కువ. అయినా టెన్షన్ పడి, రాత్రి కూర్చుని అరపేజీ సంజాయిషీ రాసేవాళ్లు ఉన్నారు. ఈరుని పేను చేసి, పేనుని పెరుమాళ్లు చేసినట్టు. "డన్" అని ఒక ముక్క పెట్టి పని చూసుకోండి.

నా భయమంతా కోర్టు కాగితాల్లో కనిపించే చిన్న మాటల గురించే. అక్కడ మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు, కంగారు పడాల్సిన చోట నిబ్బరంగా ఉంటారు.

పెట్టీ తెఫ్ట్, అంటే చిల్లర దొంగతనం సంగతే చూడండి. కాలిఫోర్నియాలో దొంగిలించిన వస్తువు విలువ 950 డాలర్లు దాటకపోతే మామూలుగా ఈ పేరే పెడతారు. సెల్ఫ్ చెకౌట్‌లో రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నా ఇదే. ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. కానీ మొదటిసారి దొరికినవాళ్లను చాలా చోట్ల జరిమానాతోనో, కొన్ని గంటల సమాజ సేవతోనో వదిలేస్తారు. అందుకే ఎవరో ఒకరు "చిన్న కేసు, ఒప్పేసుకుంటే మధ్యాహ్నానికి ఇంటికెళ్లిపోవచ్చు" అంటారు. ఇక్కడి పౌరుడికి అది మంచి సలహానే కావచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం కాదు. ఇమిగ్రేషన్ చట్టం దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనం కిందికొచ్చే నేరంగా చూస్తుంది, విలువ ఇరవై డాలర్లైనా సరే. అలా చూస్తే వీసాకో, ఇక్కడ ఉండటానికో అడ్డు రావచ్చు. జీవితంలో అలాంటి నేరం ఒక్కటే ఉండి, దానికి వేయగల గరిష్ఠ శిక్ష ఏడాది మించకుండా, వేసిన శిక్ష ఆరు నెలలు దాటకుండా ఉంటే ఒక మినహాయింపు ఉంది. అదీ అన్ని సందర్భాల్లో అక్కరకు రాదు. తర్వాత కోర్టులో రికార్డు చెరిపించుకున్నా ఇమిగ్రేషన్ వాళ్ల లెక్కలో అది సాధారణంగా చెరగదు. వీసా దరఖాస్తు చేసే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు, క్షమాభిక్ష దొరికినా చెప్పాల్సిందే.

కాబట్టి నేరం ఒప్పుకునే ముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందా అన్నది క్లయింటుకు చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయరుకు ఉందని 2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మీ లాయరు ఆ ఊసే ఎత్తకపోతే మీరే అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

వర్జీనియాలో ఉండేవాళ్లకు ఇంకో మాట. "స్పీడింగ్ టికెట్టే కదా" అని అందరూ తేలిగ్గా అంటారు. అక్కడ పరిమితి కంటే గంటకు 20 మైళ్లు ఎక్కువ పోయినా, పరిమితి ఎంతున్నా 85 మైళ్లు దాటినా అది రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే ప్రమాదకరంగా బండి నడపడం. మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ నేరమే. ఏడాది వరకు జైలు, 2,500 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. నిజంగా చిన్నది ఇన్‌ఫ్రాక్షన్, అంటే క్రిమినల్ నేరం కాని ట్రాఫిక్ ఉల్లంఘన. జరిమానా కడితే చాలావరకు అయిపోతుంది. అలాగని ఆ కాగితాన్ని కారు డాష్‌బోర్డులో పడేసి మరిచిపోతే లైసెన్సు పోవచ్చు, కొన్ని రాష్ట్రాల్లో వారంటే రావచ్చు. టికెట్ చేతికి రాగానే అందులో ఇన్‌ఫ్రాక్షన్ అని ఉందా, మిస్‌డిమీనర్ అని ఉందా చూడండి. జరిమానా ఎంత అన్నది ఆ తర్వాత.

ఇక పార్సిళ్లు. 'డి మినిమిస్' అంటే పట్టించుకోనక్కర్లేనంత చిన్నది అని. 2016 నుంచి బయటి దేశాల నుంచి అమెరికాకు 800 డాలర్ల లోపు సరుకు ఈ పేరుతోనే సుంకం లేకుండా వచ్చేది. 2025 ఆగస్టు 29 నుంచి ఆ సౌకర్యం ఆపేశారు. వంద డాలర్ల లోపు కానుకలకు మాత్రం అప్పుడు మినహాయింపు ఉంచారు. అమ్మ ఆవకాయ, సున్నుండలతో పాటు నాలుగు పట్టుచీరలు కూడా అదే పెట్టెలో సర్దితే వంద దాటడానికి ఎంతసేపు? చీరలు ఎవరైనా వచ్చేటప్పుడు పంపమనండి. విలువ తక్కువ చేసి రాద్దామని ఊళ్లో కొరియర్ వాళ్లు అంటే మాత్రం ఒప్పుకోవద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి.