వేరు చేయడం, పోల్చుకోవడం ఒకటేనా?

సందేహం: డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతాను. ఈమధ్య ఒక వ్యాసంలో 'పరారుణ లేజర్ వర్ణపట పద్ధతితో జలయుత అయాన్ల నిర్మాణాలను వేరు చేయవచ్చు' అని రాశాను. ఇక్కడ 'వేరు చేయడం' కుదరదని ఒక మిత్రుడు అంటున్నారు. 'జలయుత' కూడా వద్దు, 'ఆర్ద్ర' అనాలట. ఏది ఒప్పు?

సమాధానం: మొదటి విషయంలో మీ మిత్రుడి మాటే నిజం. రెండో దాంట్లో నేను మీ వైపే.

వేరు చేయడమంటే కలిసి ఉన్నవాటిని విడదీసి దేనికది విడిగా పెట్టడం. వడ్ల నుంచి తాలు వేరు చేస్తాం. 'డాక్టర్లు కవలలను వేరు చేశారు' అని పేపర్లో చదివితే, అతుక్కుని పుట్టిన పిల్లలకు ఆపరేషన్ జరిగిందనే అనుకుంటాం. అచ్చు ఒకేలా ఉన్న కవలల్లో ఎవరు ఎవరో తల్లి చెప్పగలిగితే మాత్రం 'పోల్చుకుంది', 'గుర్తుపట్టింది' అంటాం. 'చీకట్లో నిన్ను పోల్చుకోలేకపోయాను' అనే మాట ఇప్పటికీ అందరి నోటా ఉన్నదే. ఇంత చక్కటి క్రియ చేతిలో ఉండగా సైన్సు రాసేటప్పుడు దాన్ని ఎందుకు పక్కన పెడుతున్నామో నాకు అర్థం కాదు.

మీ వాక్యంలో ఈ తేడా మరీ ముఖ్యం. ఎందుకంటే ఆ ప్రయోగంలో రెండు పనులూ జరుగుతాయి, రెండింటికీ వేర్వేరు సాధనాలు ఉన్నాయి.

జలయుత అయాన్లకు, అంటే నీటి అణువులు చుట్టూ చేరిన అయాన్లకు, ఉదాహరణగా ప్రోటాన్ చేరిన నీటి గుచ్ఛాలనే (గుత్తిగా కలిసిన నీటి అణువులనే) తీసుకోండి. తయారైనప్పుడు పది నీటి అణువులున్నవీ, ఇరవై ఉన్నవీ, ఇరవై ఒకటి ఉన్నవీ కలగాపులగంగా ఉంటాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ ద్రవ్యరాశిని బట్టి వాటిలోంచి ఇరవై ఒకటి ఉన్నవాటిని ఏరుతుంది. ఇది అచ్చంగా వేరు చేయడమే. కానీ ఆ ఇరవై ఒక్క అణువులూ గొలుసులా అమరినా, వలలా అల్లుకున్నా, బోనులా మూసుకున్నా ద్రవ్యరాశి మారదు. ఆ పరికరం ఒక్కటే అయితే అక్కడితో చేతులెత్తేయాల్సిందే. లేజర్ పని అక్కడే మొదలవుతుంది.

నీటి అణువులో ఆక్సిజన్‌కు అటూ ఇటూ ఉన్న హైడ్రోజన్ కొసలను ఓహెచ్ కొసలు అందాం. పక్క అణువుతో హైడ్రోజన్ బంధం కట్టుకోని ఓహెచ్ కొస సుమారు 3,700 తరంగ సంఖ్య (ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్క) దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. బంధం కట్టుకున్నదైతే అంతకంటే కిందికి దిగి, వెడల్పాటి పట్టీగా కనిపిస్తుంది. ఖాళీ కొసల్లో కూడా అన్నీ ఒక్క రకం కావు. గొలుసు చివర వేలాడే అణువుకు రెండు కొసలూ ఖాళీయే కనుక దాని నుంచి వర్ణపటంలో రెండు గీతలు వస్తాయి. మూడు పొరుగు అణువులతో ముడిపడ్డ అణువుకు మిగిలేది ఒకటే కొస, దాని గీత 3,695 ప్రాంతంలో పడుతుంది. 2004లో అమెరికా, జపాన్ శాస్త్రజ్ఞుల బృందాలు రెండు ఈ గీతలనే చదివి, 'సైన్స్' పత్రికలో పక్కపక్కనే ప్రచురించాయి. చిన్న గుచ్ఛాల్లో ఒకటికి మించి కనిపించిన ఖాళీ కొసల గీతలు, ఇరవై ఒకటి దగ్గరికి వచ్చేసరికి ఒక్కటై కూర్చున్నాయి. ఖాళీ కొసలన్నీ మూడు పొరుగులతో ముడిపడ్డ ఒకే రకం అణువులవన్నమాట. అంటే నీరు బోనులా మూసుకుంది. ఏ అణువునూ చూడకుండా, ఒక్క గీతను బట్టి ఆ రూపాన్ని పోల్చుకోవడం ఎంత గొప్ప సంగతి!

ఇంకో విశేషం ఉంది. అంత కొద్ది అయాన్లు ఎంత కాంతి పీల్చాయో నేరుగా కొలవడం కష్టం. అందుకని పీల్చిన శక్తికి గుచ్ఛం నుంచి ఒక నీటి అణువో, ముందే అంటించి పెట్టిన ఆర్గాన్ పరమాణువో ఊడిపోయేలా చూస్తారు. 1980లలో అమెరికాలోని బర్క్‌లీలో రసాయన శాస్త్రజ్ఞుడు యువాన్ లీ బృందం ఇలాంటి పద్ధతితోనే ఈ అయాన్లను పరిశీలించింది. ఊడిన తర్వాత మిగిలిన ముక్కలను మళ్లీ ద్రవ్యరాశిని బట్టి వేరు చేసి లెక్కపెడతారు. ముందు వేరు చేయడం, చివర వేరు చేయడం, పోల్చుకోవడానికి ఆధారం మాత్రం మధ్యలో లేజర్ ఇచ్చింది. అన్నిటికీ 'వేరు చేయడం' అనే రాస్తే చదివే విద్యార్థికి ఏ పని ఎవరిదో ఎలా తెలుస్తుంది?

'నిర్మాణాలను వేరు చేయడం' అంటే కట్టినదాన్ని విప్పడమనే అర్థం కూడా తోస్తుంది. 'అమరిక' అనండి, ఆ పేచీ ఉండదు. నేనైతే ఇలా రాస్తాను: 'జలయుత అయాన్లలో నీటి అణువుల అమరిక ఎలాంటిదో పరారుణ లేజర్ వర్ణపటాన్ని బట్టి పోల్చుకోవచ్చు.' 'వేరు చేయడం' మీకు మరీ ఇష్టమైతే 'ఒక అమరికను మరోదాని నుంచి వేరు చేసి చూపుతుంది' అనండి. ఆ 'చూపుతుంది' చేరితే అర్థం దారిన పడుతుంది.

ఇక 'ఆర్ద్ర' సంగతి. నిఘంటువు ప్రకారం తడిసినదనే అర్థం, తప్పేమీ లేదు. కానీ మామూలు పాఠకుడికి ఆ మాట వినగానే మనసు కరగడం గుర్తొస్తుంది. పైగా ఇక్కడ చెప్పాల్సింది తడి గురించి కాదు, అయాన్ చుట్టూ ఉన్న నీటి అణువుల గురించి. నీటితో కూడినది అనే అర్థంలో 'జలయుత' సూటిగా ఉంది, అదే ఉంచండి. 'జలవిశ్లేషణ'తో కలిసిపోకుండా మాత్రం చూసుకోండి. అక్కడ నీరు చర్యలో పాల్గొని అణువును విడగొడుతుంది, ఇక్కడ అయాన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది.