యూనిఫాం ఉండాలి, దాన్ని అమ్మే దుకాణం మాత్రం బడిది కాకూడదు

పాఠశాల పిల్లలకు యూనిఫాం తప్పనిసరి చేయడం సబబేనా, అది వాళ్ల స్వేచ్ఛకు అడ్డు కాదా అని అడిగారు. తప్పనిసరి చేయాల్సిందే. ఈ విషయంలో నా అభిప్రాయం ముప్పై ఏళ్లుగా మారలేదు. నేను విద్యావేత్తను కాను. మా అమ్మ టైలరు. బట్టలు మనిషిని ఎంత బాధపెట్టగలవో మిషను పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. పిల్లలు తమకు నచ్చిన బట్టలు వేసుకుని తమ వ్యక్తిత్వాన్ని చాటుకోవాలని వాదించేవాళ్లు చాలామంది బీరువా నిండా బట్టలున్న ఇళ్లలో పెరిగినవాళ్లేనని నా గట్టి నమ్మకం.

1993లో నేను తొమ్మిదో తరగతి. వారాసిగూడలో రెండు గదుల ఇల్లు. నాన్న ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే డీటీపీ వచ్చి, చేత్తో అక్షరాలు పేర్చే పని తగ్గిపోతున్న రోజులవి, జీతం సగం నెలకే అయిపోయేది. మిగతా సగం అమ్మ ఉషా మిషను నడిపేది. జాకెట్లు, లంగాలు, చీరలకు ఫాల్సు, జూన్ వచ్చిందంటే చుట్టుపక్కల పిల్లల యూనిఫాంలు.

మాది సికింద్రాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు పాఠశాల. వారంలో అయిదు రోజులు తెల్ల చొక్కా, నేవీ బ్లూ స్కర్టు. శనివారం అంతా తెలుపే, కాళ్లకు తెల్ల క్యాన్వాసు బూట్లు సహా. ఈ శనివారం తెలుపును ఎవరు కనిపెట్టారో కానీ వాళ్లకు ఇంట్లో బట్టలుతికే పని ఎప్పుడూ పడి ఉండదు. జూలైలో వాన పడిన రోడ్డు మీద బస్సు కోసం నిలబడే పిల్లకు తెల్ల స్కర్టు వేసి పంపడం తల్లికి శిక్ష వేయడమే. శుక్రవారం రాత్రి నీలిమందు నీళ్లలో ముంచిన స్కర్టు పొద్దుటికి ఆరదు. బూట్ల మీది మరకలకు బడి నుంచి తెచ్చుకున్న సుద్దముక్క అరగదీసేవాళ్లం. ప్రార్థన దగ్గర పీటీ మాస్టారు అందరి కాళ్లూ చూసుకుంటూ వెళ్లేవారు, బూట్లు తడిగా ఉంటే సుద్ద పట్టేది కాదు.

ఆ ఏడాది కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. మంచావిడే. శనివారం తెలుపు రద్దు చేసి, ఆ రోజు పిల్లలు కలర్ డ్రెస్‌లో రావచ్చని ప్రకటించారు. అంతకుముందు కలర్ డ్రెస్ అంటే పుట్టినరోజున మాత్రమే, చాక్లెట్లు పంచుతూ తరగతి తరగతికీ తిరిగే రోజున. ఇప్పుడు వారం వారం పండగేనని పిల్లలు ఎగిరారు. తెల్లబట్టల బాధ తప్పిందని తల్లులు సంతోషించారు, మా అమ్మ కూడా.

మొదటి శనివారం ఉగాదికి కుట్టిన గౌను వేసుకెళ్లాను. రెండో శనివారం పిన్ని పెళ్లికి కొన్న పరికిణీ. మూడో శనివారం మళ్లీ ఉగాది గౌను. నా బెంచీలో కూర్చునే అమ్మాయి "మళ్లీ ఇదేనా?" అంది. ఎగతాళి చేయడానికి అనలేదు. చూసింది, అడిగింది, అంతే. దానికే నా చెవులు వేడెక్కిపోయాయి. నాలుగో శనివారం జ్వరమని పడుకున్నాను. అయిదో శనివారం కడుపునొప్పి. అమ్మ మాత్ర తెచ్చి మింగించింది. నాకున్న జబ్బు ఏమిటో అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేదు. చెబితే ఒక గౌను కుట్టేది, దాని కోసం ఎక్కడో ఒకచోట అప్పు చేసేది.

ఆరో శనివారం పొద్దున అమ్మ రేషన్ దుకాణం క్యూలో ఉంది. మిషను పక్కనున్న తాడు మీద ఒక పంజాబీ డ్రెస్ వేలాడుతోంది. నెమలికంఠం రంగు, మెడ చుట్టూ చిన్న చిన్న అద్దాలు, చేతులకు సన్నటి జరీ లేసు. వెనక వీధిలోని బ్యాంకు ఉద్యోగి గారి భార్య, ఇంటర్ చదువుతున్న తన పెద్దమ్మాయి కోసం కుట్టించుకున్నది. ఆ అద్దాలు అమ్మ మూడు రాత్రులు చేత్తో కుట్టింది, నేనే సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. ఆదివారం ఇచ్చేయాలి. ఆ అక్క కాలేజీలో చదువుతుంది, నన్నెవరు చూస్తారనుకున్నాను. వేసేసుకున్నాను. కొంచెం వదులైంది, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకున్నాను.

ఆ ఉదయం నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ ఒళ్లంతా గుర్తుంది. టీచరు కూడా "ఎంత బాగుందమ్మా" అన్నారు. లెక్కల పీరియడ్‌లో నేనే లేచి బోర్డు దగ్గరికి వెళ్లాను.

మధ్యాహ్నం చెట్టు కింద అన్నం తింటున్నాం. ఏడో తరగతి పిల్ల ఒకతె టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి నా ఎదురుగా ఆగిపోయింది. బ్యాంకు ఆయన చిన్నమ్మాయి. ఆ పిల్ల మా బడిలోనే చదువుతుందన్న సంగతి ఆ పొద్దున నా బుర్రకు తట్టనేలేదు. "ఇది మా అక్కదిలాగే ఉందే" అంది. అందరూ తలలెత్తారు. అదే బట్ట మా ఇంట్లోనూ కొన్నామని చెప్పాను. ఆ పిల్ల నా చేతి లేసు వైపు చూసింది. సుల్తాన్ బజార్‌లో ఆ లేసు తానే ఎంచానని అమ్మకు కొలతలు ఇచ్చిన రోజు నా ముందే చెప్పింది. నా ముఖం చూసింది. తర్వాత ఏమీ అనకుండా వెళ్లిపోయింది. నా చేతిలోని ఆవకాయ ముద్ద ఎప్పుడు ఒళ్లో పడిందో నేను చూసుకోలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. కొడుతుందనుకున్నాను. "కుట్లేమైనా ఊడాయా?" అని అడిగింది. ఆ తర్వాతే మరక చూసింది. కొలతల గీతలు గీసే సుద్ద పొడి చేసి మరక మీద రాత్రంతా ఉంచింది, నూనె పీలుస్తుందని. నూనె పోయింది కానీ కారం ఎరుపు పోలేదు.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. "వదినగారూ, పొరపాటు మా ఇంట్లో జరిగింది, బట్ట నేను కొనిస్తాను" అంది. ఆవిడ కోప్పడలేదు, వద్దనీ అనలేదు. అంత బట్ట, అన్ని అద్దాలు, అంత లేసు మళ్లీ కొని, మళ్లీ మూడు రాత్రులు కూర్చుని అమ్మ ఇంకో డ్రెస్ కుట్టి ఇచ్చింది, కూలి తీసుకోకుండా. మరకపడిన డ్రెస్ నాదైంది. నేను దాన్ని ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఆ తర్వాత ఆ ఇంటి నుంచి మాకు బట్టలు రాలేదు.

సోమవారం ప్రార్థనకు వెళ్లడానికి కాళ్లు రాలేదు. వెళ్లాను. ఆ పిల్ల రెండు వరుసల అవతల నిలబడి ఉంది. నాలాగే తెల్ల చొక్కా, నేవీ బ్లూ స్కర్టు. వాళ్ల స్కర్టూ మా అమ్మ కుట్టిందే, ఒకే తానులోది. చూసి చిన్నగా నవ్వింది. శనివారం చెట్టు కింద ఆ పిల్ల అక్క డ్రెస్ దొంగిలించిన దాన్ని, సోమవారం వరుసలో నిలబడిన మరో విద్యార్థిని. నన్ను మళ్లీ మామూలు పిల్లగా చేసింది ఆ స్కర్టే. యూనిఫాం ఎందుకని ఎవరు అడిగినా నాకు ముందు ఆ సోమవారమే గుర్తొస్తుంది.

దసరా సెలవుల తర్వాత కలర్ డ్రెస్ శనివారాలు ఆగిపోయాయి. కారణం ఎవరూ చెప్పలేదు. నాలాగా శనివారాల్లో జ్వరాలు తెచ్చుకున్న పిల్లలు హాజరు పట్టీలో ఇంకొందరు కనిపించి ఉంటారనే నేను నమ్ముతాను.

యూనిఫాం వేసినంత మాత్రాన పేదరికం దాగదని అంటారు. నిజమే. అమ్మ నా స్కర్టు కింద నాలుగు వేళ్ల మడత పెట్టి కుట్టేది. ఏడాదికోసారి విప్పి పొడుగు పెంచేది. విప్పిన చోట రంగు వెలియదు కాబట్టి ముదురు నీలం పట్టీ కనిపించేది. పదో తరగతికి నా స్కర్టు మీద అలాంటి పట్టీలు రెండు. చూసే కళ్లున్నవాళ్లకు తెలిసిపోయేది. కానీ ఆ పట్టీ కనిపించాలంటే వంగి చూడాలి. ఉగాది గౌను గది అవతలి నుంచే కనిపిస్తుంది.

స్కార్ఫ్ గొడవ గురించి కూడా ఒక మాట. తరగతిలో హిజాబ్ వేసుకోవచ్చా లేదా అన్న కర్ణాటక కేసులో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ ఒకరికొకరు విరుద్ధంగా చెరో తీర్పు ఇచ్చారు. మా తరగతిలో ముగ్గురు ముస్లిం అమ్మాయిలు తెల్ల స్కార్ఫ్‌తో వచ్చేవాళ్లు. చొక్కా తెలుపే, స్కార్ఫూ తెలుపే. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, ఎవరి చదువూ ఆగలేదు. యూనిఫాం అంటే ఒకే రంగు, ఒకే ఖర్చు. అంతకు మించి దాని మీద బరువులు మోపకూడదు.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను, నా అసలు బాధ ఇక్కడే ఉంది. మా పాప నాచారంలో ఒక ప్రైవేటు పాఠశాలలో నాలుగో తరగతి. సోమ, మంగళ, గురువారాలకు గళ్ల స్కర్టు. బుధవారం హౌస్ రంగు టీషర్టు, ట్రాక్ ప్యాంటు. శుక్రవారం మరో జత. గీతలున్న సాక్సులు, బెల్టు, ఏప్రిల్ ఎండలో మెడకు టై. అన్నిటి మీదా బడి ముద్ర. అన్నీ వాళ్లు చెప్పిన ఒకే దుకాణంలో దొరుకుతాయి. కిందటి జూన్‌లో నేను 6,800 రూపాయలు కట్టాను. మదీనా, పత్తర్‌గట్టీ దుకాణాల్లో అదే రకం బట్ట కొని కుట్టిస్తే అందులో సగం కూడా కాదు, ఇది టైలరు కూతురిగా చెబుతున్నాను. కానీ ఆ గళ్లు బయట దొరకవు. దొరకకుండానే ఎంచుతారు. రెండేళ్లకోసారి గళ్లు మారుస్తారు, అక్క స్కర్టు చెల్లికి పనికిరాకుండా.

నిబంధనలు లేక కాదు. బడులు పుస్తకాలు, యూనిఫాంల వ్యాపారం చేయవద్దని సీబీఎస్ఈ 2017లోనే ఆదేశించింది. ప్రైవేటు బడుల ఆవరణలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని 2024 మే నెలాఖరులో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖ ఉత్తర్వులిచ్చింది. ఆవరణలో అమ్మరు, నిజమే. ఎక్కడ కొనాలో చీటీ ఇస్తారు.

తెలంగాణ సర్కారు బడుల్లో ఈ బాధ లేదు. అక్కడ పిల్లలకు ఏడాదికి రెండు జతలు ఉచితం. కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు, 2024లో కుట్టుకూలి జతకు 75 రూపాయలు చేశారు. ఆ అంకె చెబితే అమ్మ కాసేపు వేళ్ల మీద లెక్కేసుకుని, దారం, బొత్తాలు, కాజాలు, కరెంటు పోగా ఏం మిగులుతుందని అడిగింది. ఇంకా పెంచాలని నేనూ అంటాను. అయినా ఆ డబ్బు కుట్టిన ఆడవాళ్ల చేతికే వెళ్తోంది. నేను కట్టిన 6,800లో కుట్టిన మనిషికి ఎంత వెళ్లిందో నాకెవరూ చెప్పరు.

ఆ గళ్ల స్కర్టు ఇంటికి తెచ్చిన రోజు అమ్మ దాన్ని తిరగేసి చూసింది. డెబ్బై ఏళ్లు దాటాయి, కళ్లద్దాలు పైకి నెట్టి అంచు తడిమింది. "అయ్యో, మడతే లేదే" అంది. కింద అర అంగుళం మడిచి ఓవర్‌లాక్ కొట్టేశారు. విప్పడానికి ఏమీ లేదు. పిల్ల ఎదగ్గానే ఇంకోటి కొనాల్సిందే. నలభై ఏళ్లు యూనిఫాంలు కుట్టిన మనిషి, మనవరాలి స్కర్టు పట్టుకుని ఏమీ చేయలేక కూర్చుంది.

కాబట్టి నేను చెప్పేది: యూనిఫాం తప్పనిసరి చేయండి, కానీ ఏ వీధి దుకాణంలోనైనా దొరికే ఒక రంగు బట్టతో. బడి ముద్ర కావాలంటే విడిగా బ్యాడ్జీ ఇవ్వండి, మేమే కుట్టుకుంటాం. అయిదేళ్లు మార్చకండి. టై తీసేయండి. ఈ నాలుగూ రాసి, పాప తరగతిలోని ఇంకో పదిహేడు మంది తల్లిదండ్రులతో సంతకాలు చేయించి మార్చిలో ప్రిన్సిపాల్‌కు ఇచ్చాం. బుధవారం టీషర్టు ఎక్కడైనా కొనుక్కోవచ్చని ఒప్పుకున్నారు. గళ్ల స్కర్టు సంగతి యాజమాన్యంతో మాట్లాడి చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు. అమ్మ మాత్రం పాప కొలతలు తీసి పెట్టుకుంది, పొడుగుకు నాలుగు వేళ్లు కలిపి.