సెకండ్ హ్యాండ్ కారు చవకగా వస్తున్నా కొత్త కారే ఎందుకు కొంటారు?

చాలామంది కొత్త కారు కొనేది ముఖ్యంగా దాని గతం గురించి ఏ అనుమానమూ ఉండదనే. పాత కారును ఎలా నడిపారో, ఎక్కడ గుద్దారో అమ్మేవాళ్లకు తెలుస్తుంది, కొనేవాళ్లకు తెలియదు. ఆ టెన్షన్ లేకుండా ఉండటానికే ఎక్కువ డబ్బు పెడతారు. ఉదాహరణకు, వరద నీటిలో మునిగిన కారును కడిగి, సీట్లు మార్చేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. లోపల వైర్ల కనెక్షన్లు మాత్రం మెల్లగా తుప్పు పట్టి, కొన్ని నెలలకు మొరాయిస్తాయి. కొత్తదానికి వారంటీ ఉంటుంది, లోన్ వడ్డీ కూడా సాధారణంగా తక్కువే.

కొత్త కారంటే డబ్బు దండగ అనేది పొరపాటు. మొదటి ఏడాదిలోనే విలువ బాగా పడిపోతుంది, నిజమే. కానీ ఆ దెబ్బ గట్టిగా తగిలేది రెండు మూడేళ్లకే అమ్మేసేవాళ్లకు. 10, 12 ఏళ్లు వాడుకునేవాళ్లకు అంతగా తెలియదు.