ఒకే స్క్రిప్టు ఒకేసారి రెండు చోట్ల నడుస్తోంది, ఆపేదెలా?

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ షాపు. బాకీ ఉన్న దుకాణాలకు ఎస్సెమ్మెస్‌లు పంపే స్క్రిప్టును లైనక్స్ సర్వర్లో క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాం) అయిదు నిమిషాలకోసారి నడుపుతుంది. అకౌంటెంట్ కూడా అప్పుడప్పుడు చేత్తో రన్ చేస్తారు. నెలాఖర్లో ఒక్కొక్కరికి రెండేసి మెసేజ్‌లు వెళ్తుంటే, మొదట్లో 'రన్నింగ్' అనే ఫైలు పెట్టి, పని అయ్యాక తీసేసేలా మార్చాం. అయినా ఒకట్రెండుసార్లు అదే జరిగింది. మొన్న కరెంటు పోయొచ్చాక అసలు మెసేజ్‌లే వెళ్లలేదు.
- ఓ పాఠకుడు, గాజువాక

జవాబు: క్రాన్ టైమే చూస్తుంది. పది గంటలకు మొదలైన పని ఇంకా నడుస్తున్నా, పదీ అయిదుకి రెండోదాన్ని మొదలెట్టేస్తుంది. దాన్ని ఆపాలన్న మీ ఆలోచన సరైనదే, ఫైలుతో చేసిన పద్ధతిలోనే రెండు చిక్కులున్నాయి. ఫైలు ఉందా అని చూడటం ఒక పని, దాన్ని సృష్టించడం మరో పని. ఈ రెంటి మధ్య సందులో అకౌంటెంట్ రన్ చేస్తే ఇద్దరికీ ఫైలు లేదనే కనిపిస్తుంది, ఇద్దరూ ముందుకెళ్తారు. ఇక కరెంటు పోయినప్పుడు ఫైలును తీసేసేవాళ్లే లేరు. సర్వర్ మళ్లీ ఆన్ అయ్యాక కూడా అది అక్కడే ఉండి స్క్రిప్టును అడ్డుకుంది.

ఈ బాధ్యతను లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌కి అప్పగించండి. అందుకు 'ఫ్లాక్' (flock) అనే కమాండ్ ఉంది, ఒక ఫైలు మీద ఒకసారికి ఒక్కరికే పట్టు, అంటే లాక్, ఇప్పిస్తుంది; దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ముందే ఉంటుంది. క్రాన్ లైనులో వరుసగా ఫ్లాక్, మైనస్ ఎన్ (-n), ఒక లాక్ ఫైలు పాత్, ఆపైన మీ స్క్రిప్టు పాత్ రాయండి. లాక్ ఎవరి చేతిలోనైనా ఉంటే రెండోది నోరెత్తకుండా వెనక్కి వెళ్లిపోతుంది. స్క్రిప్టు మధ్యలో కూలినా, కరెంటు పోయినా లాక్ దానంతటదే పోతుంది. ఖాళీ ఫైలు మిగిలినా నష్టం లేదు. దయచేసి దాన్ని డిలీట్ చేయకండి. పాత ఫైలు మీద ఒకరు, అదే పేరుతో కొత్తగా పుట్టిన ఫైలు మీద ఇంకొకరు లాక్ పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. అకౌంటెంట్ కూడా ఇదే లైనుతో రన్ చేయాలి, లేకపోతే ఈ కష్టమంతా వృథా.

మైనస్ ఎన్ మర్చిపోతే కొత్తగా వచ్చినవన్నీ క్యూలో ఎదురుచూస్తూ పేరుకుపోతాయి. మెసేజ్‌లను చేరవేసే సర్వీసు (ఎస్సెమ్మెస్ గేట్‌వే) స్పందించక స్క్రిప్టు వేలాడిపోతే లాక్ వదలదు కాబట్టి, ఫ్లాక్ తర్వాత, స్క్రిప్టు ముందు 'టైమవుట్' కమాండ్ కూడా పెట్టి గడువు విధించండి.

నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. సగం జాబితా అయ్యాక కరెంటు పోతే, తర్వాతి రన్ మళ్లీ మొదటి దుకాణం నుంచే మొదలవుతుంది. దానికి ఏ లాకూ మందు కాదు. ఒక్కో మెసేజ్ వెళ్లగానే డేటాబేస్‌లో ఆ బిల్లు పక్కన 'పంపాం' అని రాయించండి. బాకీ గుర్తుచేసే మెసేజ్ రెండుసార్లు వస్తే కొనేవాళ్లకు చిరాకు, మీకు మాట పోతుంది. రేపు ఇదే స్క్రిప్టును రెండు సర్వర్లలో పెడితే ఒక మెషీన్లోని లాక్ ఫైలు రెండోదానికి తెలియదు. అప్పుడు, మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే, అందులోని 'గెట్ లాక్' (GET_LOCK) ఫంక్షన్ వాడండి, కనెక్షన్ తెగగానే అదీ విడిపోతుంది.

ప్రశ్న: విండోస్‌లో బ్యాకప్‌కి ఇదే టెన్షన్. ఫ్లాక్ లాంటిది ఉందా?
- ఓ పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: విండోస్‌లో క్రాన్ లాంటిదే అయిన టాస్క్ షెడ్యూలర్లో మీ టాస్క్ తెరిచి, సెట్టింగ్స్ ట్యాబ్‌లో అట్టడుగున చూడండి. 'డూ నాట్ స్టార్ట్ ఎ న్యూ ఇన్‌స్టెన్స్' ఎంచుకుని ఉంటే చాలు. బ్యాకప్‌ను డబుల్ క్లిక్‌తో విడిగా తెరిస్తే మాత్రం షెడ్యూలర్ ఆపలేదు.