మడత ట్రైలర్‌పై పడక గది

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న మడత ట్రైలర్ కిట్ కొన్నాను. దానిపై ఇద్దరు పడుకునే క్యాంపింగ్ గది కట్టాలంటే ఫ్రేములో ఏం మార్చాలి?

జవాబు: ఆ కొలత ఒక పూర్తి ప్లైవుడ్ షీటుకు సరిపోతుంది కనుక నేల వేయడం తేలికే, అసలు పనంతా కిందే ఉంది. గది కట్టాక మడతతో అవసరం ఉండదు కాబట్టి, ఫ్రేము మడిచే చోట రెండు పక్కలా ఉక్కు పట్టీలు వేసి, ఊడిపోని నట్లతో బిగించండి. ట్రైలర్‌ను కారుకు తగిలించడానికి ముందువైపు ఉండే కడ్డీ పొట్టిగా ఉంటే రివర్సులో మలుపు తిప్పినప్పుడు గది మూల బంపరుకు కొడుతుంది. మందమైన చదరపు గొట్టంతో దాన్ని పొడిగించే వెల్డింగు మాత్రం అనుభవజ్ఞుడికే అప్పగించండి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్‌పై, అంటే కారు వెనక ట్రైలర్‌ను తగిలించే కొక్కెంపై పడాలి, లేకుంటే హైవేపై ట్రైలర్ ఊగుతుంది. అందుకే నీళ్ల డబ్బాలు ట్రైలర్ వెనక భాగంలో పెట్టకండి.