ఏడాదిన్నర పిల్లాడి గిన్నె ఎంత?

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. "ఏమీ తినట్లేదు పెద్దమ్మా" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఎంత తిన్నాడన్నది ఒక్క చోటా లేదు. ముందు అది తేల్చుకుందాం.

రేపు పొద్దున మందు సీసా మూత ఒకటి కడిగి పెట్టుకో. దాని మీద 5, 10, 15 మి.లీ. గీతలుంటాయి. 15 గీత దాకా నీళ్ళు పట్టి, మీ ఇంట్లో కూర వడ్డించే చెంచాల్లో ఏది సరిగ్గా దానితో నిండుతుందో చూడు. అదే నీ టేబుల్ స్పూను. వాడి చిన్న స్టీలు గిన్నెలో అలాంటివి ఎన్ని పడతాయో కూడా లెక్కపెట్టు, మామూలుగా పది పడతాయి, అంటే 150 మి.లీ. ఇక మూడు రోజులు పెట్టేముందు కొలిచి పెట్టు, మిగిలింది కొలిచి తీసెయ్యి, తేడా ఒక కాగితం మీద రాయి. పాలు, బిస్కెట్లు, కింద ఫ్లాట్ పాటి (తమిళ మామ్మ) చేతిలో పెట్టే మురుక్కు, అన్నీ రాయాలి. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు మీ అత్తగారిని రాయమను. "వాడు తిన్నాడా" అని అడిగితే ఆవిడకి తప్పు పట్టినట్టు ఉంటుంది, "ఎన్ని చెంచాలో రాయండత్తయ్యా, డాక్టరుకి చూపించాలి" అంటే సంతోషంగా రాస్తారు.

ఒక్క రోజు లెక్క చూసి కంగారు పడొద్దు. 1991లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు తిన్నదంతా ఆరు రోజులు తూచి చూశారు. ఒక పూటకీ ఇంకో పూటకీ తేడా సగటున మూడో వంతు ఉంది, కానీ మొత్తం రోజు లెక్క సగటున పదో వంతే మారింది. పొద్దున ఇడ్లీ ముట్టనివాడు సాయంత్రం దోసె మొత్తం లాగించేది అందుకే.

ఇక వాడి ఆకలి నిజంగానే తగ్గింది, అది నీ భ్రమ కాదు. పుట్టిన కొత్తలో నెలకి 800 గ్రాములు పెరిగాడు. ఇప్పుడు నెలకి 200 గ్రాములు పెరిగితే చాలు. పెరుగుదల నాలుగో వంతుకి పడిపోయినప్పుడు ఆకలి మునుపటిలాగే ఉండాలనుకోవడం మన ఆశే. పైగా నడక వచ్చింది, బుగ్గలు దిగుతాయి, పొట్ట లోపలికి పోతుంది. చూసిన చుట్టాలందరూ చిక్కిపోయాడంటారు. అననియ్యి.

ఎంత తినాలో ఇప్పుడు చెప్తాను. ఈ వయసులో కిలో బరువుకి సుమారు 80 క్యాలరీలు. మీవాడు పది కిలోలు కాబట్టి రోజుకి 800, అటూ ఇటూ. అది గిన్నెలో ఎలా ఉంటుందో చూడు. పొద్దున లేచాక 150 మి.లీ. పాలు, 90 క్యాలరీలు. ఎనిమిదిన్నరకి ఒకటిన్నర ఇడ్లీ, అర చెంచా నెయ్యి, గరిటెడు పప్పు సాంబారు, 120. పదిన్నరకి చిన్న అరటిపండు ఒకటి, 45. పన్నెండున్నరకి మూడు టేబుల్ స్పూన్ల అన్నం, రెండు స్పూన్ల ముద్దపప్పు, ఒక టీ స్పూను నెయ్యి, ఒక స్పూను కూర, ఆఖర్న మూడు స్పూన్ల పెరుగు, అంతా కలిపి 185. నాలుగింటికి మళ్ళీ 150 పాలు, సగం ఉడికించిన గుడ్డు, 125. రాత్రి ఏడింటికి అర గిన్నె పొంగల్ కానీ ఉప్మా కానీ, పక్కన కాస్త పెరుగు, 150. పడుకునే ముందు 100 మి.లీ. పాలు, 60. కూడితే 775. అంతే, పది కిలోల పిల్లాడికి రోజు గడిచిపోయింది. మధ్యాహ్నం అన్నం మూడు స్పూన్లంటే నీ అరచేతిలో ఒక ముద్ద. మీ అత్తగారు పళ్ళెంలో కలిపేది దానికి రెట్టింపు ఉంటుంది, అందుకే రోజూ "సగం వదిలేశాడు" అనిపిస్తుంది. వాడు వదిలేది ఎక్కువగా కలిపిందే కానీ, వాడికి కావాల్సింది కాదు.

డాక్టర్లు చెప్పే ఇంకో తేలిక లెక్క ఉంది: ఏ పదార్థమైనా మొదట వడ్డించేటప్పుడు వయసులో ఏడాదికి ఒక టేబుల్ స్పూను. ఏడాదిన్నరకి ఒకటిన్నర. అడిగితే మళ్ళీ పెట్టు, ఎన్నిసార్లయినా పెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకి పూటకి 250 మి.లీ. కప్పులో ముప్పావు నుంచి నిండా అంటుంది. అది మొత్తం పూట కొలత, మొదటి వడ్డన కాదు. పళ్ళెం నిండా చూస్తే పిల్లలు మొహం తిప్పేస్తారు, కొంచెం చూస్తే చెయ్యి చాపుతారు.

అసలు సంగతికి వస్తాను. నీ మెసేజ్ చివర ఎక్కడో, పట్టించుకోనట్టు, "పాలు మాత్రం మూడు సీసాలు తాగేస్తాడు" అని రాశావు. అమ్మడూ, నీ సమస్యంతా ఆ వాక్యంలోనే ఉంది. సీసా 240 మి.లీ. అయితే మూడింటికి 720. మన తమిళనాడు ప్రభుత్వ డెయిరీ ఆవిన్ నీలం ప్యాకెట్ పాలలో కొవ్వు 3 శాతం, ఆ లెక్కన 430 క్యాలరీలు. అంటే రోజు తిండిలో సగానికి పైగా సీసాలోంచి వచ్చేసింది. పొట్ట ఎంత పడుతుందన్నది కూడా చూడు, ఈ వయసులో కిలో బరువుకి 30 గ్రాములు. పది కిలోలకి 300. పదకొండున్నరకి 240 పాలు పట్టి పన్నెండున్నరకి అన్నం ముందు కూర్చోబెడితే, వాడు నోరు బిగించడం మొండితనం కాదు, లోపల జాగా లేదు.

పాలు రోజుకి 350 నుంచి 500 మి.లీ. మధ్య ఉండాలి, నేనైతే 400 దగ్గర ఆపుతాను. అంతకు మించితే తిండి పోవడమొక్కటే కాదు, ఇనుము కూడా పోతుంది. పాలలో ఇనుము లేనట్టే, పైగా మిగతా తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా పాలలోని కాల్షియం అడ్డం పడుతుంది. వాడి విరోచనం గట్టిగా మేక పెంటికల్లా ఉందని రాశావు చూడు, దానికీ ఎక్కువ పాలే కారణం కావచ్చు. నువ్వు ఇంకా నీ పాలు ఇస్తుంటే ఆపొద్దు, ఆ మేరకు ప్యాకెట్ పాలు తగ్గించు.

ఒక్కసారిగా లాగేస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. ముందు అన్నానికి ముందు వచ్చే సీసా తీసెయ్యి, దాని బదులు పండు. మిగతా రెండింటిలో రెండు రోజులకోసారి 30 మి.లీ. చొప్పున తగ్గించు. పాలెప్పుడూ తిండి తర్వాత, లేదా తిండికి రెండు గంటలు దూరంగా. సాయంత్రం పాలు సీసాలో కాకుండా చిన్న స్టీలు గ్లాసులో పొయ్యి, సగం ఒంటి మీద పోసుకుంటాడు, పోసుకోనియ్యి. రాత్రి సీసా ఆఖర్న మాన్పించు, అది కష్టం, కానీ నోట్లో సీసాతో నిద్రపోతే ముందు పళ్ళు పుచ్చిపోతాయి. ఇదంతా అయ్యేసరికి రెండు వారాలు పడుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు పాలూ తగ్గి, తిండీ తినక నీకు గుండె దడగా ఉంటుంది. అక్కడే అందరూ ఓడిపోయి సీసా ఇచ్చేస్తారు. నాలుగో రోజో ఐదో రోజో ఆకలి తిరుగుతుంది, అప్పటిదాకా ఆగు.

పాలలో నీళ్ళు కలుపుతున్నారేమో అడుగు. చాలా ఇళ్ళల్లో అరగదని సగానికి సగం కలుపుతారు. ఏడాది దాటాక అక్కర్లేదు. నీళ్ళు కలిపినా పొట్ట నిండేది అంతే, అందేది సగం. రెండేళ్ళ లోపు కొవ్వు తీసిన పాలు కూడా వద్దు.

ఇదే నీళ్ళ గోల అన్నంలోనూ ఉంది. మన చెన్నైలో పిల్లలకి రసం సాదం అలవాటు ఎక్కువ. చింతపండు రసం ధారాళంగా పోసి, మెత్తగా పిసికి, తాగించినట్టు పెడతారు. గిన్నె ఖాళీ అయిందని తృప్తి, కానీ అందులో అన్నం రెండు చెంచాలు, మిగతాదంతా చారు నీళ్ళు. చెంచాతో తీసి వంచి చూడు. జారి పడిపోతే పల్చన, చెంచా మీద నిలబడి మెల్లగా జరిగితే సరి. చారు పొయ్యాలనిపిస్తే ముందు పప్పూ నెయ్యీ కలిపి, పైన ఒక స్పూను చారు వాసనకి. టీ స్పూను నెయ్యిలో 45 క్యాలరీలున్నాయి, అంటే అది ఒక చిన్న ఇడ్లీతో సమానం. తక్కువ తినేవాడికి ఎక్కువ తినిపించడం చేతకాదు, తినేదాన్ని చిక్కన చెయ్యడం మన చేతిలో ఉంది. సత్తు మావు (వేయించిన ధాన్యాలు, పప్పుల పిండి) జావ కూడా అంతే, తాగేలా కాదు, నాకేలా కాచు.

ప్రొటీన్ డబ్బా కొనమంటావా అని అడిగావు. వద్దు. వాడికి రోజుకి కావాల్సింది 12, 13 గ్రాములు. 400 మి.లీ. పాలలోనే అది వచ్చేస్తుంది, పప్పూ గుడ్డూ అదనం. ఆ మాల్టు పొడుల్లో ఉండేది ఎక్కువ చక్కెరే. రెండేళ్ళ దాకా వాడి తిండిలో చక్కెర కలపకపోతే మంచిది. ఉప్పు రోజుకి 2 గ్రాములు దాటకూడదు, అంటే అర టీ స్పూను కంటే తక్కువే. అప్పడం, ఊరగాయ పక్కన పెడితే దాటదు.

ఇనుము మాత్రం చూసుకోవాలి, రోజుకి 8 మిల్లీగ్రాములు కావాలి. కీరై మసియల్ (మెత్తగా మెదిపిన ఆకుకూర) వారానికి మూడు నాలుగు సార్లు చెయ్యి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండు. నిమ్మలోని విటమిన్ సి వల్ల ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. గుడ్డు, పప్పు, నువ్వుల పొడి, జామపండు గుజ్జు. రాగి మంచిదే, కాల్షియం దండిగా ఉంటుంది, కానీ రాగి జావలో పాలు పోసి మూడు పూటలా అదే పెట్టొద్దు. పొద్దున ఫిల్టరు కాఫీలో బిస్కెట్ ముంచి నోట్లో పెట్టే ముచ్చట ఎవరిదో కానీ, మీ మామగారిదే అనుకుంటా, మెల్లగా మాన్పించు. కాఫీ, టీ ఇనుముని పట్టనివ్వవు.

తినిపించే పద్ధతి గురించి ఒక్క సూత్రం పెట్టుకో: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది నీ వంతు, ఎంత తినాలన్నది వాడి వంతు. పూటకీ పూటకీ రెండు, మూడు గంటల ఎడం, మధ్యలో నీళ్ళు తప్ప ఏమీ వద్దు. మధ్యలో ఇచ్చే రెండు మారీ బిస్కెట్లు 50 క్యాలరీలు, అది వాడి మధ్యాహ్నం భోజనంలో నాలుగో వంతు కంటే ఎక్కువ. కింద కూర్చోబెట్టి 20 నిమిషాలు, మహా అయితే 30. మొహం తిప్పాడా, మూడుసార్లు కాకుండా ఒక్కసారే అడిగి పళ్ళెం తీసెయ్యి. ఫోన్ చూపిస్తే నోరు తెరుస్తాడు, నిజమే, కానీ అది ఫోన్ కోసం తెరిచిన నోరు. కడుపు నిండిందన్న కబురు వాడికే చేరదు. చందమామని చూపించి గోరుముద్దలు పెట్టడం దీని కిందికి రాదులే, అక్కడ వాడు నీ మొహం చూస్తూ తింటాడు.

కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే "వాడికి బీట్‌రూట్ పడదు" అని రాసేసుకోవద్దు. పది, పదిహేనుసార్లు పళ్ళెంలో కనబడాలి, ఊరికే చెంచాడు. పదకొండోసారి తీసి నోట్లో పెట్టుకుంటాడు.

బీచికి తీసుకెళ్ళినప్పుడు సుండల్ (గుగ్గిళ్ళు) పొట్లంలోంచి బఠానీ తీసి ఇవ్వొద్దు. గింజలు, వేరుశనగలు, ద్రాక్ష, పచ్చి క్యారెట్ ముక్క, కొబ్బరి ముక్క, ఇవన్నీ గొంతులో సరిగ్గా అడ్డం పడే సైజు. సుండల్ చిదిపి పెట్టు, ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు కొయ్యి, పల్లీలు పొడి కొట్టి కలుపు. పరిగెడుతూ, పడుకుని తినడం అసలు వద్దు.

మే నెలలో అగ్నినక్షత్రం రోజుల్లో, అంటే ఎండ మండిపోయే రోజుల్లో, మధ్యాహ్నం తినడు. పెరుగన్నం చల్లగా తక్కువ పెట్టి, అసలు భోజనం సముద్రపు గాలి తగిలే వేళకి, ఆరున్నరకి జరుపు. దవడ పళ్ళు వచ్చేటప్పుడూ, జ్వరంలోనూ ఇంతే, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. జ్వరం తగ్గాక రెండు వారాలు రోజుకి ఒక పూట అదనంగా పెట్టు, పోయిన బరువు అప్పుడే తిరిగొస్తుంది.

నెలకోసారి ఒకే చోట, ఒకే త్రాసు మీద, డైపరు కూడా లేకుండా తూయించు. మగపిల్లాడికి ఏడాదిన్నరకి సగటు 10.9 కిలోలు, 8.8 కంటే తక్కువైతే ఆలోచించాలి. మీవాడు మధ్యలో ఉన్నాడు. కానీ అంకె కంటే గీత ముఖ్యం, బరువు కార్డు మీద నెలనెలా పెట్టే చుక్కలు కలిపితే పైకి పోతూ ఉండాలి. రెండు మూడు నెలలు గీత అడ్డంగా సాగినా, కిందికి వంగినా డాక్టరు దగ్గరికి వెళ్ళు. మింగేటప్పుడు రోజూ పొలమారుతున్నా, తిన్న ప్రతిసారీ కక్కుతున్నా, కింది కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయినా, మన్నో గోడ సున్నమో గీకి తింటున్నా, అప్పుడు నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. సున్నం తినడం చాలాసార్లు ఇనుము తక్కువైందన్న గుర్తే. రక్తపరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన కొలతకే ఇనుము చుక్కల మందు వెయ్యి. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో కూడా అడుగు, ఏడాది దాటాక ఆరు నెలలకోసారి వెయ్యాలి.

మూడు రోజుల కాగితం ఫోటో తీసి పంపు. పాలు ఎన్ని మి.లీ. అన్నది పైన విడిగా రాయి, నేను ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ