క్లాసు లింకు బయటికి పోతే ఏం చెయ్యాలి?

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు యూనివర్సిటీ ఆన్‌లైన్ క్లాసులు, మీటింగుల మీదే వచ్చాయి. మొదటి ప్రశ్నకి జవాబు పెద్దగా రాశాను, ఎందుకంటే అది చాలామంది లెక్చరర్లకి జరిగింది కానీ బయటికి చెప్పుకోరు.

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ వాళ్లకి పాఠం చెప్తాను. ఆదివారాలు ఎక్స్‌ట్రా క్లాసు జూమ్‌లో పెట్టి లింకు వాట్సాప్ గ్రూపులో వేస్తాను. పోయిన నెల క్లాసు మధ్యలో ముగ్గురు నలుగురు దూరి బూతులు తిట్టారు, స్క్రీన్ షేర్ చేసి అసహ్యమైన వీడియో వేశారు. ఒకడిని తీసేస్తే ఇంకొకడు. నాకు చేతులు వణికిపోయి ల్యాప్‌టాప్ మూసేశాను, నేను వచ్చేశాక కూడా మీటింగ్ నడుస్తూనే ఉందంట, ఆడపిల్లలు చాలా ఇబ్బంది పడ్డారు. పాస్‌కోడ్ పెట్టాను కదా, ఎలా వచ్చారు?
– అసిస్టెంట్ ప్రొఫెసర్, గుంటూరు (పేరు వద్దన్నారు)

జవాబు: మేడమ్, ల్యాప్‌టాప్ మూసేశానని బాధపడకండి, అలాంటిది కళ్లముందు జరిగితే ఎవరికైనా చేతులాడవు. పాస్‌కోడ్ సంగతికొస్తే, జూమ్‌లో ఇన్వైట్ లింకు కాపీ చేస్తే మామూలుగా పాస్‌కోడ్ కూడా ఆ లింకులోనే కలిసి వస్తుంది, చివర్లో ఉండే గజిబిజి అక్షరాలు అవే, అందుకే లింకు నొక్కినవాడిని మళ్లీ ఏమీ అడగదు. తాళం వేసి చెవి తలుపుకే వేలాడదీసినట్టు.

మరి లింకు వాళ్ల చేతికి ఎలా వెళ్లిందంటే, చెప్పడానికి కష్టంగా ఉంది కానీ చాలావరకు క్లాసులోంచే వెళ్తుంది. అమెరికాలో బింగ్‌హామ్టన్, బోస్టన్ యూనివర్సిటీల రీసెర్చర్లు 2020 మొదటి ఏడు నెలల్లో ట్విట్టర్‌లో, పేరు లేకుండా పోస్టులు పెట్టుకునే ఫోర్‌చాన్ సైటులో 'ఇదిగో లింకు, వచ్చి గొడవ చెయ్యండి' అని పెట్టిన పోస్టులు తీసి చూస్తే, ఎక్కువ భాగం ఆ మీటింగులో ఉండాల్సినవాళ్లే పెట్టినవని తేలింది, అందులోనూ స్కూలు, కాలేజీ పిల్లలు. బయటినుంచి హ్యాకర్ ఎవడో కోడ్ పగలగొట్టుకుని రావట్లేదు, లోపలివాడే పిలుస్తున్నాడు. అలాంటప్పుడు పాస్‌వర్డ్ ఎంత పెద్దది పెట్టినా పనికిరాదు, లోపలికి వచ్చేది ఎవరో పేరుతో సహా తెలియాలి, నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

మీ పిల్లలకి యూనివర్సిటీ మెయిల్ ఐడీలు ఉంటే పని సులువు. యూనివర్సిటీ జూమ్ అకౌంట్ సెట్టింగుల్లో సైన్ ఇన్ అయినవాళ్లే రావాలని పెట్టి, మీ యూనివర్సిటీ మెయిల్ డొమైన్ (ఐడీలో @ తర్వాత ఉండేది) ఒక్కటే ఇవ్వండి, ఇక లింకు ఊరంతా తిరిగినా ఆ మెయిల్ లేనివాడు రాలేడు, ఉన్నవాడు వచ్చి అల్లరి చేస్తే ఎవరో తెలిసిపోతుంది. గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్లు ఆ క్లాసుకి ఉండే మీట్ లింకునే వాడండి, క్లాసు లిస్టులో లేనివాళ్లు అడిగి రావాల్సిందే. ఐడీలు ఇవ్వలేదంటే మాత్రం వెయిటింగ్ రూమ్, అంటే మీరు ఒప్పుకునేదాకా వచ్చినవాళ్లని బయటే నిలబెట్టే సెట్టింగు, తప్పనిసరి, పేరు ముందు రోల్ నంబరు పెట్టుకోమని ముందురోజే చెప్పండి. ఎవరైనా 'గెలాక్సీ' అనో 'ఐఫోన్' అనో ఉత్త చుక్క అనో పేరుతో నిలబడినా, 17వ నంబరు ఇద్దరు కనిపించినా ఆపండి. టైమ్ అయిపోతోందని 'అడ్మిట్ ఆల్' నొక్కితే మాత్రం వెయిటింగ్ రూమ్ ఉన్నా లేనట్టే. పాఠం చెప్తూ ఇదంతా ఒక్కరే చూసుకోలేరు, కాబట్టి ఒకరిని కో-హోస్ట్ చెయ్యండి, అంటే మీతోపాటు మీటింగ్ అదుపు చేసే మనిషి, నన్నడిగితే క్లాస్ రిప్రజెంటేటివ్ (సీఆర్) కంటే రీసెర్చ్ స్కాలర్ ఎవరైనా నయం, క్లాస్‌మేట్స్‌ని బయటికి పంపే పని సీఆర్ నెత్తిన పెట్టడం బాగోదు.

స్క్రీన్ షేర్ హోస్ట్‌కే పెట్టండి, పేరు మార్చుకోవడం ఆపెయ్యండి, మీ స్లైడ్ మీద పిల్లలు గీతలు గీసే యానొటేషన్ కూడా ఆపండి, అది చాలామంది మర్చిపోతారు. అందరూ వచ్చాక మీటింగ్ లాక్ చెయ్యొచ్చు, కానీ మన ఊళ్లలో కరెంటు పోయి, నెట్ పోయి తిరిగి వచ్చేవాళ్లుంటారు, వాళ్లు బయటే ఉండిపోతారు, కాబట్టి రోజువారీ క్లాసుకి లాక్ నేను చెప్పను.

మళ్లీ అలాంటిది జరిగితే ఒక్కొక్కడిని తీసే పని పెట్టుకోకండి. జూమ్‌లో హోస్ట్ టూల్స్ అని షీల్డ్ బొమ్మతో బటన్ ఉంటుంది, అందులో 'సస్పెండ్ పార్టిసిపెంట్ యాక్టివిటీస్' నొక్కితే అందరి వీడియో, మైకు, చాట్, స్క్రీన్ షేర్ ఒకేసారి ఆగిపోతాయి. అది ఎక్కడుందో క్లాసు లేనప్పుడే ఒకసారి తెరిచి చూసుకోండి. తర్వాత 'ఎండ్ మీటింగ్ ఫర్ ఆల్' నొక్కాలి, ల్యాప్‌టాప్ మూస్తే మీరు మాత్రమే బయటికొస్తారు. 2020 ఏప్రిల్ 16న మన హోంశాఖ జూమ్ గురించి ఇచ్చిన సూచనల్లో కూడా ఇది ఉంది, హోస్ట్ అయితే లీవ్ కాదు, ఎండ్ చెయ్యమని.

జరిగినదానికి కంప్లయింట్ తప్పకుండా ఇవ్వండి. మీటింగ్ తేదీ, టైమ్, ఐడీ, పార్టిసిపెంట్ల లిస్టు, స్క్రీన్‌షాట్లు ఉంచుకుని డిపార్ట్‌మెంట్‌కి రాతపూర్వకంగా చెప్పి, సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టండి. అలాంటి వీడియో వెయ్యడం ఐటీ యాక్ట్ 67, 67ఎ సెక్షన్ల కిందకొస్తుంది. ఆ క్లిప్ ఎవరైనా రికార్డు చేసి ఉంటే ఫార్వర్డ్ చెయ్యొద్దని పిల్లలకి గట్టిగా చెప్పండి, పంపినవాళ్ల మీద కూడా కేసు పడొచ్చు.

ప్రశ్న: మా బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగులో ఎవరిదో 'నోట్‌టేకర్' అని ఒక పేరు వచ్చి కూర్చుంది, కెమెరా లేదు, మాట లేదు. అది ఎవరు సార్?
– వరంగల్ నుంచి ఒక ఆఫీసు సూపరింటెండెంట్

జవాబు: మనిషి కాదండి, ఏఐ నోట్స్ బాట్. మీ మెంబర్లలో ఎవరో అలాంటి యాప్‌కి తమ క్యాలెండర్ ఇచ్చి ఉంటారు, ఇక అది వాళ్ల ప్రతి మీటింగుకీ తనంతట తనే వచ్చేసి, మాట్లాడిందంతా రాసుకుని ఆ కంపెనీ సర్వర్‌లో పెడుతుంది, కొన్నిసార్లు ఆ సారు రాకపోయినా బాట్ వస్తుంది. వెయిటింగ్ రూమ్‌లోనే ఆపండి. మార్కుల మోడరేషన్, సెలెక్షన్ కమిటీ లాంటివాటికి బాట్లు వద్దని నోటీసులోనే ఒక లైను రాయండి.

అలాంటి సీక్రెట్ మీటింగులకి జూమ్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవచ్చు, అంటే మాటలు మీటింగులో ఉన్నవాళ్లకే తప్ప జూమ్ కంపెనీకి కూడా తెలియవు, 2020 అక్టోబర్ నుంచి ఉంది. పెడితే క్లౌడ్ రికార్డింగ్ రాదు, మామూలు ఫోన్ కాల్‌తో చేరడం కుదరదు, అయినా ఇలాంటి మీటింగుకి రికార్డింగే ఉండకూడదు కదా. మధ్యలో ఎవరూ దూరలేదని తెలియడానికి, అప్పుడు జూమ్ చూపించే సెక్యూరిటీ కోడ్ అంకెలు హోస్ట్ పైకి చదివితే మిగతావాళ్లు తమ స్క్రీన్ మీద అవే ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. ఇంకోటి, మార్కుల షీటు చూపించాల్సి వస్తే స్క్రీన్ మొత్తం కాకుండా ఆ ఒక్క విండో షేర్ చెయ్యండి, లేకపోతే వాట్సాప్ వెబ్ మెసేజీలు, ఓటీపీలు అందరికీ కనిపిస్తాయి.

ప్రశ్న: నా పీహెచ్‌డీ ఓపెన్ వైవా ఆన్‌లైన్‌లో. లింకు వెబ్‌సైటులో పెడతామంటున్నారు, ఎవరైనా వచ్చి చెడగొడతారేమోనని భయంగా ఉంది.
– రీసెర్చ్ స్కాలర్, విశాఖపట్నం

జవాబు: వైవా వీడియోలో పెట్టుకోవచ్చని 2020 ఏప్రిల్‌లోనే యూజీసీ చెప్పింది, అది ఓపెన్‌గా ఉండాలి కూడా. కానీ ఓపెన్ అంటే అందరికీ మైకు ఇవ్వాలని కాదమ్మా. మీ గైడ్‌గారితో మాట్లాడి, మీటింగులో ఎగ్జామినర్లు, మీరు, డిపార్ట్‌మెంట్ వాళ్లు మాత్రం ఉండేలా చేసి, చూడాలనుకునేవాళ్లకి యూట్యూబ్ లైవ్ లింకు వెబ్‌సైటులో పెట్టమనండి, ప్రశ్న అడగాలనుకున్నవాళ్లు ముందే మెయిల్‌తో రిజిస్టర్ చేసుకుని మీటింగులోకి రావచ్చు. ఎగ్జామినర్లు రిపోర్టు మాట్లాడుకునే టైమ్‌కి లైవ్ ఆపేసి, వాళ్లకి వేరే మీటింగ్ లింకు సిద్ధంగా ఉంచండి. లైవ్ ఆపడం మర్చిపోతే వాళ్ల మాటలన్నీ బయటికెళ్తాయి, కాబట్టి ఆ బటన్ ఎవరు నొక్కాలో ఒక మనిషికి ముందే అప్పజెప్పండి.

ప్రశ్న: క్లాసు లింకు అని టెలిగ్రామ్‌లో వచ్చింది, నొక్కితే జూమ్ అప్‌డేట్ చేసుకోమని ఒక ఏపీకే ఫైల్ ఇచ్చింది. చేసుకోవచ్చా?
– డిగ్రీ స్టూడెంట్, కరీంనగర్

జవాబు: వద్దు తమ్ముడూ. ఏపీకే అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైల్. యాప్ అప్‌డేట్ ప్లే స్టోర్‌లోంచే రావాలి. కంప్యూటర్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి, 2024లో నకిలీ గూగుల్ మీట్ పేజీలు పెట్టి, మైకు పనిచేయట్లేదు, విండోస్ కీ, ఆర్ నొక్కి ఇది పేస్ట్ చెయ్యండి అని చూపించి వైరస్ ఎక్కించారు. ఏ క్లాసూ అలా అడగదు. ఏపీకే ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్ నెట్ ఆపేసి యాప్ తీసెయ్యి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పు, పాస్‌వర్డులు మార్చు, డబ్బు పోయి ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.